శుభలేఖలో లేని పెళ్లికి సాక్షుల కోసం: ప్రొద్దుటూరు నుంచి లింగాల దాకా

ఈ బ్లాగులో ఇంతవరకూ కోటలు, గుళ్లు, గుహల గురించే రాశాను. ఈసారి రాస్తున్నది ఎవరూ సరదాకు చేయని ప్రయాణం. భార్యో భర్తో విదేశంలో ఉంటే, వాళ్ల దగ్గరికి వెళ్లి కాపురం చేయడానికి వీసా కోసం తిప్పలు పడుతున్నవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరి పెళ్లిళ్లయినా మా పెళ్లిలాగే జరిగి ఉంటాయని నా అనుమానం. బస్సుల వేళలు, దారి ఖర్చులు వాళ్లకు పనికొస్తాయి. మిగతాది చదవడం, మానడం మీ ఇష్టం.

నా భార్య లలిత నర్సు. జమ్మలమడుగులో పాత మిషన్ ఆసుపత్రిలో కొన్నాళ్లు పనిచేసి, పెళ్లయిన మరుసటి ఏడాదే సౌదీ వెళ్లింది. అక్కడి ఒప్పందంలో భర్తను వెంట తెచ్చుకునే వీలు లేదు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేది. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో మళ్లీ గుర్తుపట్టేలోపు తిరిగి వెళ్లిపోయేది. నేను ప్రొద్దుటూరులో కళ్లజోళ్ల అంగడి నడుపుతాను. మాకు పిల్లలు లేరు. ఒకే కప్పు కింద ఉన్న రోజులు ఎన్నని లెక్కేయడం ఇద్దరం ఎప్పుడో మానేశాం. ఈమధ్య ఆమెకు ఐర్లండ్‌లో ఉద్యోగం దొరికింది. అక్కడైతే భర్తను పిలిపించుకోవచ్చు. నేను అప్లికేషన్ పెట్టానని తెలిసినప్పటి నుంచి పక్క అంగళ్లవాళ్లు, పెండ్లాం ఎనకాల పోతాండావంట గదా అని ఆటపట్టించేవాళ్లు. ఔను, అందుకే పోతున్నానని జవాబిచ్చేవాణ్ని.

కొన్ని నెలలకు వీసా ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది. మర్యాదగా ఉంది, ఉద్దేశం మాత్రం మీరిద్దరూ భార్యాభర్తలని మేము నమ్మలేకపోతున్నామని. శుభలేఖలో ఉన్న తేదీ, స్థలం ఒకటి. పెళ్లి రిజిస్ట్రేషన్‌లో ఉన్నవి వేరు. పెళ్లి ఫొటో ఒక్కటీ లేదు. కాబట్టి మా బంధువులు కాని, ఈ వీసా వల్ల లాభం లేని, వేరువేరు ఇళ్లకు చెందిన ఇద్దరు మనుషులు, పెళ్లి జరిగిన సంగతి తమకు స్వయంగా ఎలా తెలుసో నోటరీ ముందు ప్రమాణం చేసి చెప్పాలి. గడువులోగా పంపకపోతే ఉన్న కాగితాలతోనే నిర్ణయం తీసుకుంటారు. ఉన్న కాగితాలతో ఏ నిర్ణయం వస్తుందో నాకు తెలుసు. లలిత ఫోన్‌లో అంతా విని, ఈసారి కాకపోతే ఈ వయసులో మళ్లీ మొదలుపెట్టే ఓపిక తనకు లేదంది. ఆమె అలాంటి మాటలు ఊరికే అనదు. 

ఆఫీసరుగారి అనుమానంలో తప్పేమీ లేదు. మా శుభలేఖ నిజంగానే అబద్ధం. దాన్ని అచ్చేయించింది మా పెదనాన్న. ఫ్యాక్షన్ ముదిరి ఉన్న రోజులవి. లింగాల అవతల మా ఊరు రెండు పార్టీలుగా చీలి ఉండేది, అందులో ఒకదానికి ఆయన పెద్ద. పెళ్లంటే ఒక పార్టీ మగవాళ్లంతా ఒకే రోజున, ఒకే దారిలో, ముందే చెప్పిన వేళకు జీపుల్లో బయల్దేరడం. ఆ సంగతిని రంగు కాగితం మీద అచ్చేసి, పసుపు పూసి ఇంటింటికీ పంచడం చేజేతులా ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అందుకని శుభలేఖలో ప్రొద్దుటూరు కల్యాణమండపం వేయించి, దానికి ముందురోజే కొండవార ఒక గొర్రెల దొడ్డిలో మాకు పెళ్లి చేశారు. రావాల్సినవాళ్లకు అసలు ముహూర్తం నోటిమాటగా అందింది. ఫొటోగ్రాఫర్ని పిలవలేదు. అతను కెమెరా సంచీ తగిలించుకుని ఏ బస్సెక్కాడో చూస్తే చాలు, ఊరందరికీ తెలిసిపోతుంది. మర్నాడు ప్రొద్దుటూరు మండపంలో వంట మాత్రం జరిగింది. కార్డు నమ్మి వచ్చినవాళ్లకు, ముహూర్తం ముందుకు జరిగిందని చెప్పి భోజనం పెట్టి పంపారు. మా వైపు అప్పట్లో ఇదేమీ వింత కాదు. తర్వాత రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు నేను నిజమైన తేదీ, నిజమైన చోటు రాయించాను. దాని పర్యవసానం ఇన్నేళ్లకు ఇలా వచ్చింది.

బంధువులు కాని సాక్షులెవరా అని ఆలోచిస్తే ముగ్గురు తేలారు. పెళ్లి చేయించిన పురోహితుడు పోయి చాలా కాలమైంది. మిగిలింది జమ్మలమడుగు వంట మాస్టరు కాశయ్య, దొడ్డి సొంతదారు గంగులప్ప. కాశయ్య రెండు చోట్లా వండాడని పెదనాన్న చెప్పగా విన్నట్టు నాకు గుర్తు. సాయంత్రానికి ఇద్దరినీ పులివెందులలో ఒక నోటరీ దగ్గర కూర్చోబెడితే పని అయిపోతుందని లెక్క వేసుకున్నాను.

ప్రొద్దుటూరు బస్టాండు నుంచి జమ్మలమడుగుకు పొద్దున ఆరు నుంచే బస్సులు బాగానే ఉంటాయి. నలభై రూపాయల లోపు టికెట్, ముక్కాలు గంట ప్రయాణం. ఆరున్నర బస్సెక్కాను. సగం బస్సు గండికోటకు పోయే కుర్రాళ్లే, వీపుల మీద గుడారాల సంచులు. ఎన్నికల కాలం కావడంతో దారిలో పోలీసులు బస్సు ఆపి సంచులు తెరిపించారు. నా సంచిలో శుభలేఖ, ఈమెయిల్ ప్రింటు, సాక్షులకు చదవడానికి అక్కరొస్తాయని పెట్టుకున్న రెండు జతల కళ్లజోళ్లు చూసి కానిస్టేబులు ఏమీ అర్థం కానట్టు మొహం పెట్టి వెళ్లిపోయాడు. దిగాక బస్టాండు దగ్గర బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఆ వేళకు వేడిగా దొరుకుతుంది, తొమ్మిది దాటితే అడుగంటినదే పెడతారు.

కాశయ్య ఇల్లు పెన్న వైపు పోయే దారిలో ఉంది. ఇప్పుడు పెద్ద వంటలు మానేసి ఇంటి దగ్గరే పొడులు చేసి అమ్ముతున్నాడు. నన్ను గుర్తుపట్టి అరుగు మీద కూర్చోబెట్టాడు. నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, సంతకం పెట్టడానికి తనకేమీ భయం లేదని, చిక్కల్లా వేరని అన్నాడు.

"నేను మీ పెండ్లి చూల్లేదు గదప్పా. దొడ్లో వంట మీ ఆడోళ్లే చేసుకున్యారు. నేను ప్రొద్దుటూర్లో వండినా, వడ్డిచ్చినా. పెండ్లికొడుకు యాడ, పెండ్లికూతురు యాడ అని వచ్చినోళ్లంతా నన్నే అడిగిరి. నన్ను సాక్షి చెప్పమంటే ఆ పొద్దు పెండ్లి జరగలేదనే చెప్తా."

ఇంత నిక్కచ్చి మనిషిని ఏమనగలం? నాకు నవ్వొచ్చింది. ఆ రోజు గురించి ఆయనకు బాగా గుర్తున్నది ఒకటే. భోజనాలయ్యాక కూడా ఒక గుంపు లేవకుండా వాకిలి వైపు చూస్తూ కూర్చుందట. వాళ్లలో మా ఊరి ఓబయ్య ఉన్నాడు. అవతలి పార్టీ పెద్దకు ఓబయ్య కుడిభుజం. చేతిసంచి ఒళ్లో నుంచి దించకుండా మూడుసార్లు పాయసం పెట్టించుకున్నాడని కాశయ్య చెప్పాడు. ఆ సంచిలో ఏముందో ఆయన అడగలేదు, నేనూ ఇప్పుడు అడగలేదు. ధనియాల పొడి రెండు పొట్లాలు కొనుక్కుని లేచాను.

జమ్మలమడుగు నుంచి పులివెందులకు ముద్దనూరు మీదుగా వెళ్లాలి. నేరుగా పోయే బస్సు దొరికితే తొంభై రూపాయల దాకా అవుతుంది. దొరక్కపోతే ముద్దనూరులో మారండి, ఎక్కువసేపు నిలబడాల్సిన పని లేదు. నేను పది గంటలకు ఎక్కి పన్నెండు దాటాక దిగాను. దారిలో ప్రతి కూడలిలోనూ నాయకుల విగ్రహాలకు ఎన్నికల నియమం ప్రకారం తలల దాకా గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఏ విగ్రహం ఏ పార్టీదో తెలియకుండా చేయడానికంట. చుట్టుపక్కల వాళ్లకు గుడ్డలో ఉన్నా తెలుసు. పులివెందుల రోడ్లు వెడల్పుగా, శుభ్రంగా ఉన్నాయి. బస్టాండు బయట మస్తాన్ అనే ఆటోడ్రైవర్ లింగాల అవతలికి పోయి రావడానికి, అక్కడ ఆగినందుకు కలిపి ఆరు వందలకు ఒప్పుకున్నాడు. ఊరు దాటగానే నాది ఏ పార్టీ అని అడిగాడు. కళ్లజోళ్లు అన్ని పార్టీలవాళ్లూ పెట్టుకుంటారని చెప్పాను. తెలివైన జవాబేనని ఒప్పుకుని, తన అత్తకు కంట్లో పొర వచ్చిందని, ఎంతవుతుందని అడిగాడు.

దొడ్డి చూసి పెళ్లినాటి చోటును గుర్తుపట్టలేకపోయాను. రాళ్ల గోడ అదే, దాని మీద కంప అదే. వెనక మాత్రం ఒకప్పుడు మోకాలెత్తు ఉన్న చీనీ (బత్తాయి) మొక్కలు ఇప్పుడు పెద్ద తోట. గంగులప్పకు డెబ్బై దాటి ఉంటాయి. కంటి ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నల్లద్దాలు ఇంకా తీయలేదు. పగలంతా అవి పెట్టుకోనక్కర్లేదని చెప్పి, సంచిలోని మామూలు జత ఇచ్చాను. ఆయన భార్య రంగమ్మ మజ్జిగ తెచ్చింది. లలిత బాగుందా అని పేరు పెట్టి అడిగింది. నేను పని చెప్పాను. గొర్రెలు నీళ్లు తాగే తొట్టి దగ్గరికి వెళ్లి, ఊరికే కాసేపు దాన్ని చూసి వచ్చి, అప్పుడు చెప్పాడు గంగులప్ప.

పెళ్లయిన మూడు రోజులకు ఓబయ్య మనుషులతో వచ్చాడట. ఊరి చివర అమ్మవారి గుడి ముందు అందరినీ కూర్చోబెట్టి, నీ దొడ్డిలో పెళ్లి జరిగిందా లేదా అని అడిగాడు. జరిగిందంటే చీనీ మొక్కలు ఒక్కటీ మిగిలేవి కావు. ఆ రోజుల్లో పగ తీర్చుకోవడానికి మనుషుల కంటే ముందు తోటలు నరికేవాళ్లు. అప్పు చేసి పెట్టిన మొక్కలు. గంగులప్ప వెలిగించిన కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, జరగలేదని ప్రమాణం చేశాడు. మా ప్రాంతంలో కోర్టులో అబద్ధం చెప్పినవాణ్ని ఎవరూ ఏమీ అనుకోరు. కర్పూరం ఆర్పి అబద్ధం చెప్పడం వేరు. ఆ రోజు నుంచి గంగులప్ప ఆ గుడి మెట్టు ఎక్కలేదు. ఉత్సవానికి పొట్టేలును ఇచ్చి బయటే నిలబడతాడు. కూతురు పెళ్లినాడు కూడా పిల్లను లోపలికి పంపి, ఈయన రోడ్డు మీదే ఉన్నాడని రంగమ్మ చెప్పింది. ఇవేవీ మాకు తెలియవు. పెళ్లయిన వారానికే మా కుటుంబం ప్రొద్దుటూరు చేరింది, ఈ దొడ్డికి మళ్లీ ఎవరమూ రాలేదు.

"అమ్మవారి ముందర ఒగటి చెప్పినా. ఇప్పుడు నీ కోసరం నోటరీ ముందర ఇంగోటి చెప్పల్లనా?" అన్నాడు గంగులప్ప.

నేను బతిమాలలేదు. బతిమాలడానికి నా దగ్గర ఏ న్యాయమూ లేదనిపించింది. మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేవబోతుంటే ఆయనే ఆపాడు. చేయించుకున్నవాడు విడిపిస్తే ప్రమాణం వీడుతుందని పెద్దలు అనేవాళ్లట. ఓబయ్య పులివెందులలో ఉన్నాడు, ఆయనను గుడి దగ్గరికి తీసుకొస్తే విడిపించమని అడుగుతానన్నాడు.

"వాడు వస్తే నేను గుడికాడ ఉంటా. రాకుంటే నువ్వు మల్లా రావద్దప్పా."

ఓబయ్య ఇంటికని చెప్పగానే మస్తాన్ ఆటో ఆపి వెనక్కి తిరిగాడు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఆరు వందలకు ఒప్పుకునేవాణ్ని కాదని, అయినా ఇప్పుడాయన మోకాళ్లు అరిగి ఇల్లు కదలడం లేదు కాబట్టి పర్వాలేదని, ఇంకో నాలుగు వందలు చాలన్నాడు. ఓబయ్యతో నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాట మాట్లాడలేదు. చిన్నప్పుడు ఆయన జీపు చప్పుడు వినబడితే మా అమ్మ తలుపు గడియ పెట్టేది. ఇప్పుడు చిత్రం ఏమిటంటే, పార్టీలు మారీ మారీ, మా పెదనాన్న కొడుకూ ఓబయ్యా ఈ ఎన్నికల్లో ఒకే కండువా వేసుకుని తిరుగుతున్నారు. అయినా ఆ వీధి మలుపు తిరిగేటప్పుడు నాకు భయమేసింది. 

ఆయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పేపరును మొహానికి దూరంగా పట్టుకుని చదువుతున్నాడు. దగ్గరచూపు అద్దాలు మార్చి ఎన్నేళ్లయిందో. ఎవరి కొడుకునో చెప్పాను. కుర్చీ చూపించాడు. ఊరి వరసలో ఆయన నాకు మామ అవుతాడు కాబట్టి మామా అనే పిలిచాను.  ఆయన ఈమెయిల్ తెలుగులో చెప్పమన్నాడు, చెప్పాను. బంధువులు కానివాళ్లు, లాభం లేనివాళ్లు అన్న చోట మళ్లీ చెప్పమన్నాడు. తర్వాత లలిత ఎన్నేళ్ల నుంచి బయట ఉందో అడిగాడు. సౌదీ సంగతి, ఐర్లండ్ సంగతి, గుడి దగ్గరికి వచ్చి ప్రమాణం విడిపించమని గంగులప్ప అడుగుతున్న సంగతి చెప్పాను. అంతా విని లోపలికి కేకేసి చేతికర్ర తెప్పించుకున్నాడు. గంగులప్ప గుడి మెట్టు ఎక్కని సంగతి నేను చెప్పబోతే, తనకు తెలుసని చేయి అడ్డం పెట్టాడు. ఆయన ఆటో ఎక్కాక మస్తాన్ పాటలు కట్టేసి బుద్ధిగా నడిపాడు.

గుడికి చేరేసరికి మూడున్నర అయింది. గంగులప్ప తెల్ల పంచె కట్టుకుని, నేనిచ్చిన అద్దాలు పెట్టుకుని మెట్ల కింద నిలబడి ఉన్నాడు. రంగమ్మ చేతిలో కర్పూరం బిళ్లల పొట్లం. ఇద్దరు పెద్దమనుషులూ నమస్కారం పెట్టుకోలేదు. గంగులప్ప, ఆ పొద్దు చెప్పింది అబద్ధమని, పెళ్లి తన దొడ్డిలోనే జరిగిందని, విడిపించమని అడిగాడు.  ఓబయ్య కర్ర మీద ఆనుకుని మెట్ల వైపు చూశాడు.

"నువ్వు అబద్ధం చెప్పినావని నాకు ఆ పొద్దే తెల్సు గంగులప్పా. ప్రమాణానికి ముందురోజే మీ దొడ్డికాడికి వచ్చి అంతా చూసి పోయినా. మావోళ్లకు చెప్పలా. నువ్వు ఔనంటే ఆ చెట్లు నేనే కొట్టియ్యాల. కాదంటే ఇడ్సిపెట్టొచ్చు. కాదంటావనే ప్రమాణం పెట్టిచ్చినా."

 గంగులప్ప సంతోషపడతాడని నేను అనుకున్నాను. ఆయన పెదవులు బిగిశాయి.

"ఇన్నేండ్లు నేను ఈ మెట్టెక్కల్యా ఓబయ్యా."

"చూస్తానే ఉన్యా."

"ఒక్క మాట చెప్పుంటే ఏం పోయె నీకు?"

 చెబితే తన పార్టీవాళ్లు తనను బతకనిచ్చేవారు కాదని ఓబయ్య అనవచ్చు. అది నిజమే కూడా. కానీ ఆ కాలం పోయి చాలా ఏళ్లయింది, పులివెందుల నుంచి ఈ గుడికి ఆటోలో ఒక గంట కూడా పట్టదు. వంగలేక వంగి మెట్టు మీద కర్పూరం వెలిగించి, విడిపించినా అని మూడుసార్లు అన్నాడు. గంగులప్ప ఆయన వైపు చూడకుండా చెప్పులు విడిచి మెట్లెక్కాడు. లోపల గంట మోగింది. రంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. 

వచ్చేటప్పుడు గంగులప్ప మస్తాన్ పక్కన ముందు కూర్చున్నాడు. ఓబయ్య పక్కన కూర్చోనన్నాడు. పులివెందులలో నోటరీ ఆఫీసు ఆరింటిదాకా ఉంటుంది, మేము ఐదు దాటాక చేరాం. గంగులప్ప చెప్పింది నోటరీగారు రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకున్నారు. రెండో సాక్షి ఎవరని అడిగారు. కాశయ్య సంగతి చెప్పి, ఇంకొకరిని వెతుక్కుని మళ్లీ వస్తానన్నాను. బెంచీ మీద కూర్చున్న ఓబయ్య గొంతు సవరించుకున్నాడు.

"బందువు కానోడు, లాబం లేనోడు అని గదా అల్లుడా రాసింది. నాకంటే యాడ దొరుకుతాడు?"

నోటరీగారు పెళ్లి చూశారా అని అడిగారు. చూడలేదు, వెతికాను అన్నాడు ఓబయ్య. ఎందుకు వెతికారని అడిగితే, ఉన్నదున్నట్టు రాసుకోమన్నాడు. నోటరీగారు కలం పట్టుకుని కాసేపు ఆలోచించి, 'అప్పట్లో వరుడి కుటుంబానికి ఎదురు పక్షంలో ఉండి, వివాహం ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి వెతికితిని' అని రాశారు. మండపంలో జంట కనబడకపోవడంతో మోసం అర్థమైందని, మర్నాడు కొండవారన్నీ వెతుకుతూ ఒంటరిగా ఆ దొడ్డికి వెళ్లానని ఓబయ్య చెప్పాడు. పందిరి పచ్చాకు ఇంకా వాడలేదు. తలంబ్రాల బియ్యం కోళ్లు ఏరుకుంటున్నాయి. కంపకు సగం నమిలిన బాసికం ఒకటి తగులుకుని ఉంది.

ఆ మాట దగ్గర నేను ఆయన మొహం చూశాను. పెళ్లిలో తన నుదుటి బాసికాన్ని మేక లాక్కుపోయిందని లలిత మొదటి నుంచీ చెప్పేది. ఆ గాభరాలో నేను చూడలేదు, కల్పించి చెబుతోందని ఏడిపించేవాణ్ని. ఆ సంగతి మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఓబయ్య నా దగ్గర రెండో జత అద్దాలు అడిగి తీసుకుని, అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టాడు. అద్దాలు ఆయనకు సరిపోయాయి, ఉంచుకోమన్నాను. బయటికొచ్చాక ఇద్దరూ చెరో దారి పట్టారు. గంగులప్పను మస్తాన్ తనే దిగబెట్టి వస్తానని, దానికి డబ్బులు వద్దని వెళ్లాడు.

పులివెందుల నుంచి రాత్రి ప్రొద్దుటూరుకు బస్సు ఉంది, ఎన్నికల రోజుల్లో మాత్రం కనుక్కుని వెళ్లండి. బస్టాండులో కూర్చుని లలితకు ఫోన్ చేశాను. సంతకాల సంగతి ముందు చెప్పి, తర్వాత గంగులప్ప ప్రమాణం సంగతి చెప్తే, ఆయన గుడిలోకి పోయాడా అని అడిగింది. పోయాడన్నాను. బాసికం సంగతి చెప్పాను. అవతల చాలాసేపు నవ్వింది, తర్వాత ఆ నవ్వు వేరేలా మారింది. నేను చెప్తే నమ్మలేదు, వాడు చెప్తే నమ్మినావు అంది.

ఇది రాస్తున్నది ఐర్లండ్‌లో ఆమె వంటింట్లో కూర్చుని. ఇక్కడ డబ్బాలన్నీ ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు, నేను ఇంకా నేర్చుకుంటున్నాను. కాశయ్య ధనియాల పొడి అయిపోవచ్చింది. అప్పుడప్పుడు ఆ ఇద్దరు ముసలివాళ్లు గుర్తొస్తారు. నా పెళ్లిని నాశనం చేయడానికి వెతికినవాడే అది జరిగిందని చెప్పగలిగిన మనిషి అయ్యాడు. చోటిచ్చినవాడు మా కోసం ఇన్నేళ్లూ గుడి బయట నిలబడ్డాడు. ఓబయ్య తోటను కాపాడాడని మెచ్చుకోవాలో, నోరు విప్పలేదని తిట్టుకోవాలో నేను తేల్చుకోలేదు. గంగులప్ప తేల్చుకున్నట్టున్నాడు. ఈ ఏడు ఉత్సవానికి తనే లోపల నిలబడి పొట్టేలుకు పసుపు నీళ్లు చల్లాడని, ఓబయ్యను మాత్రం పిలవలేదని రంగమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇక మీకు ఒక సలహా. శుభలేఖలో తేదీ ఒకటి, రిజిస్ట్రేషన్‌లో ఒకటి ఉంటే వీసా ఆఫీసు అడిగేదాకా ఆగకండి, ఎందుకలా అయిందో మొదటే ఒక కాగితం మీద రాసి జతచేయండి. సాక్షుల కోసం వెతికేటప్పుడు పెళ్లికి పిలిచినవాళ్లతోనే ఆగిపోకండి, పిలవనివాళ్లు ఎవరెవరు వచ్చారో కూడా అడగండి.